పెట్టె మీద బరువు

"గుంత పూడ్చేదానికి పర్మిషన్ ఇచ్చింది నేనే. నీకేమన్నా అభ్యంతరం ఉంటే కమిటీకి చెప్పుకో," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గాబ్రియేలు.

డిటెక్టివ్ దేవేంద్రప్ప గుంత అంచున గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు. మనిషి లోతు గుంత. నాలుగు పక్కలా చెక్కపలకలు దిగ్గొట్టారు. అడుగున జనం విసిరిన పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్పలు పడి ఉన్నాయి. మూడు రోజుల కిందట భూగర్భ యోగి చనిపోయింది ఇందులోనే.

కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ తుంగభద్ర ఒడ్డున ఏటా మే నెలలో వేసవి ఉత్సవాలు జరుగుతున్నాయి. ఇది మూడో ఏడు. బండలాగుడు పోటీలు, కుస్తీలు, నాటకాలు ఎన్ని ఉన్నా ఆలూరు నుంచీ కోడుమూరు నుంచీ బస్సుల మీద ఎక్కి వచ్చే జనమంతా భూగర్భ యోగి కోసమే వచ్చేవారు. ఆయన గుంతలో దిగి పద్మాసనం వేసుకుంటే పైన పలకలు పరిచి, సందులకు తడిమట్టి మెత్తి, ఆ పైన గంపలతో మట్టి పోసేవారు. మూడు గంటలసేపు భజన. తర్వాత మట్టి తీస్తే యోగి చేతులు జోడించి లేచేవాడు. ఈసారి లేవలేదు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ప్రాణం పోయి ఉన్నాడు.

యోగి అసలు పేరు చిన్న ఈరన్న. పలకలకు మట్టి మెత్తే పని తమ్ముడు లక్ష్మన్నది. ఆ రోజు పొద్దున అన్నదమ్ములు గట్టిగా కొట్లాడుకోవడం చాలామంది చూశారు. గాబ్రియేలుకు ఆ కొట్లాటే చాలింది. లక్ష్మన్నను లాకప్‌లో వేశాడు. లక్ష్మన్న ఇప్పటిదాకా నోరు విప్పలేదు. మరిదిని విడిపించమని ఈరన్న భార్య సోమక్క దేవేంద్రప్ప దగ్గరికి వచ్చింది.

దేవేంద్రప్పది ఆలూరు పక్క ఊరు. ఆ తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపోయి ఆంధ్రలో కలిసినప్పుడు సబ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం వదిలేసి కర్నూలులో సొంతంగా బోర్డు కట్టుకున్నాడు. ఒకప్పుడు ఆయన కింద పని నేర్చుకున్న గాబ్రియేలు ఇప్పుడు సర్కిల్. ఇద్దరికీ ఆ సంగతి గుర్తే.

"శవం చేతులు చూసినావా?" అని అడిగాడు దేవేంద్రప్ప.

"చూసినా."

"కుడిచేతి కణుపులు కమిలిపోయి ఉండాయి. ఈ పలకల మీద కొట్టిన గుర్తు ఒక్కటీ లేదు. మరి దేన్ని కొట్టినాడు?"

"ఊపిరాడనోడు యాడ కొట్టుకుంటాడో ఎవరికి తెలుస్తాది?"

"మట్టి పోసినప్పుడు నువ్వు యాడుంటివి?"

గాబ్రియేలు ముఖం ఎర్రబడింది. తనను విచారించే అధికారం దేవేంద్రప్పకు ఎవరిచ్చారని అడిగాడు. అయినా చెప్పాడు. మట్టి పోసినప్పటి నుంచి తీసేదాకా మైదానం దాటి పోలేదు, స్టేజీ వెనకే కూర్చుని ఉన్నాడు, గుంత దగ్గరికి ఎవరూ రాలేదని కాపలా పోలీసులు చెప్పారు. అంచేత చేసింది లక్ష్మన్నే.

అంతలో ఉత్సవ కమిటీ కార్యదర్శి సుబ్బయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. వేంపల్లె నుంచి వచ్చి కర్నూలులో నూనె మిల్లు పెట్టి స్థిరపడినవాడు. రాబోయే మునిసిపల్ ఎన్నికల్లో చైర్మన్ పదవికి నిలబడతాడని అందరూ అనుకుంటున్నారు. చెప్పులు దూరంగా విడిచి, గుంతకు దణ్ణం పెట్టి, ఆ తర్వాతే వీళ్ళను పలకరించాడు.

"స్వామి తనంత తానే దేహం చాలించినాడు దేవేంద్రప్పా. ఆ తమ్ముణ్ణి వదిలిపెట్టమని నేనే సర్కిల్ గారికి చెప్తాండా. ఈ పొద్దు సాయంత్రం ఈడనే సమాధికి శంకుస్థాపన. నువ్వూ ఉండు."

సుబ్బయ్య మాట మెత్తగా ఉంది. తిరిగి వెళ్తూ మేస్త్రీ దాసన్నకు సద్ది తిన్నాక గుంత పూడ్చమని పురమాయించాడు. సాయంత్రంలోగా మైదానం వదిలిపెట్టమని దేవేంద్రప్పను హెచ్చరించి గాబ్రియేలు కూడా నడిచాడు.

స్టేజీ వెనక, నదివైపు, యోగి కుటుంబానికి ఇచ్చిన గుడారం ఉంది. సర్కారు ఆఫీసులు నడిచిన పాత గుడారాల్లోంచి కమిటీ తెచ్చినది. సోమక్క లోపల నేల మీద కూర్చుని ఉంది. ఒక మూల నీళ్ళ కుండ, మజ్జిగ దుత్త. వెనక గుడ్డ పక్కన చాప మీద ఒక ట్రంకుపెట్టె, దాని మీద మడిచి వేసిన బొంత.

దేవేంద్రప్ప ఆమె ఎదురుగా కూర్చున్నాడు. లక్ష్మన్న చేయలేదని ఆమెకు ఎట్లా తెలుసో చెప్పకపోతే తాను చేయగలిగింది ఏమీ లేదన్నాడు. తాను చెప్పమన్నదాకా ఎవరికీ చెప్పనని మాట ఇమ్మంది ఆమె. ఆయన ఇచ్చాడు.

"ఆ గుంతలో గాలి లేకపోయినా మా ఆయన సావడప్పా. ఆయప్ప ఆడ ఉండనే ఉండడు."

తర్వాత చిన్న గొంతుతో అంతా చెప్పింది. ఈరన్న బావులు తవ్వే మనిషి. గుంత పక్క పలకల్లో ఒకటి జరుగుతుంది. దాని వెనక మనిషి పాకి రాగలిగినంత సొరంగం. అది ఈ గుడారంలోకి వస్తుంది. మట్టి పోయగానే ఈరన్న పాకి వచ్చి, ఇక్కడ మజ్జిగ తాగి పడుకుని, భజన ముగిసే ముందు మళ్ళీ గుంతలోకి పోతాడు. సొరంగం ఈ కొసకు మూత చెక్క ఉంది. చెక్క మీద చాప, చాప మీద ట్రంకుపెట్టె. ఈరన్న వచ్చే వేళకు పెట్టె జరపడం సోమక్క పని.

"ఈ సంగతి మీవాళ్ళల్లో ఎవరెవరికి తెలుసు?"

"మా ఇద్దరికీ, మరిదికీ. అంతే."

"ఆ పొద్దు పెట్టె జరిపినావా?"

"జరిపినా. ఆయప్ప రాలేదు. గుంతలోనే ఓర్చుకుంటాడులే అనుకుంటి."

"గుడారంలోకి ఎవరన్నా వచ్చినారా?"

"ఎవురూ రాలేదు."

ఈ చివరి రెండు జవాబులూ ఆమె చాప కొసను చూస్తూ చెప్పింది. దేవేంద్రప్ప ఒత్తిడి చేయలేదు. లేచి ట్రంకుపెట్టె పిడి పట్టుకుని లేపాడు. ఒంటిచేత్తో లేచింది. లోపల రెండు చీరలు, ఒక పంచె, అంతే. పెట్టెను మళ్ళీ ఉన్నచోటనే పెట్టి, తాను ఈరన్న వచ్చిన దారినే వస్తానని, పెట్టెను మాత్రం ముట్టుకోవద్దని ఆమెకు చెప్పాడు.

మైదానంలో ఎండ మండిపోతోంది. కూలీలు స్టేజీ నీడన సద్ది తింటున్నారు. ఎవరూ ఇటు చూడని సమయంలో దేవేంద్రప్ప గుంతలోకి దిగాడు. పలకలు ఒక్కొక్కటే నెట్టి చూశాడు. తూర్పు పక్క మూడోది పక్కకు జరిగింది. లోపలికి దూరి, ఇచ్చిన మాట గుర్తొచ్చి, పలకను తిరిగి మూసేశాడు.

టార్చి వెలిగించి మోచేతుల మీద పాకాడు. తవ్విన పని చక్కగా ఉంది. గట్టి నేల, పైన దూలాలు, ఎక్కడా మట్టి జారలేదు. దారి మూసుకుపోయి ఈరన్న ఆగిపోయాడన్న అనుమానం తీరిపోయింది. అతను చివరిదాకా వచ్చాడు. మూత చెక్క కింద కూర్చోవడానికి మాత్రం చోటుంది. అక్కడ ఒక గులకరాయి పడి ఉంది. టార్చి పైకి ఎత్తితే చెక్క మీద చిన్న చిన్న గంట్లు కనిపించాయి. అన్నీ ఒకేచోట ఉన్నాయి. గోళ్ళతో రక్కిన గీతలు లేవు. ముందు కణుపులతో తట్టి, తర్వాత ఆ రాయితో తట్టాడు. గట్టిగా కూడా తట్టలేదు. ఊపిరి ఆడకపోతున్నా పైనున్న ఇంకెవరికో వినబడకూడదన్నట్టు తట్టాడు.

దేవేంద్రప్ప వీపు చెక్కకు ఆనించి లేపాడు. ట్రంకుపెట్టె ఒరిగి, వెలుతురు సన్నగా లోపలికి పడింది. పెద్ద కష్టం కాలేదు. తనకే లేచిన చెక్క బావులు తవ్వే ఈరన్నకు లేవకపోవడం ఏమిటి? పెట్టె జరిపినా లేవాలి, జరపకపోయినా లేవాలి. లేవలేదంటే ఆ పెట్టె మీద ఇంకో బరువు ఉండాలి. జరపడానికి వీల్లేని బరువు. తట్టినా దిగని బరువు.

మనిషి.

ఆ మాట మనసులో పూర్తయ్యేలోగా పైన బూట్ల చప్పుడైంది. దేవేంద్రప్ప చెక్కను మెల్లగా దించాడు. మరుక్షణం ఎవరో పెట్టె మీద కూర్చున్నారు. చెక్క కిర్రుమని గాట్లోకి దిగబడింది. వెలుతురు పోయింది.

ఆయన భుజంతో నెట్టి చూశాడు. కదల్లేదు. కూర్చున్నవాడు భారీ మనిషి. పైన మాటలు గొణుగుడుగా వినిపిస్తున్నాయి. బొంత, చాప అడ్డుపడి గొంతు ఎవరిదో తెలియడం లేదు. వెనక్కి పోవడమే నయమనుకుని పాకుతూ వెళ్ళాడు. సగం దారిలోనే గుంతవైపు దబ్ దబ్ మని చప్పుడు మొదలైంది. దాసన్న కూలీలు గంపలతో మట్టి పోస్తున్నారు. ఆయన చేరేసరికి జరిగే పలక జరగలేదు. అవతల మట్టి ఒత్తుకుని ఉంది. చీలిక సందుల్లోంచి దుమ్ము లోపలికి రాలింది. అరిచాడు. ఆ గంపల మోతలో అరుపు తనకే సరిగా వినిపించలేదు.

మళ్ళీ మూత చెక్క దగ్గరికి వచ్చేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. లోపలి గాలి వేడెక్కి, ఎంత పీల్చినా చాలడం లేదు. గులకరాయి తీసుకుని తట్టాడు. ఆగి విన్నాడు. మళ్ళీ తట్టాడు.

కూర్చున్నవాడు ఎవడు? ఆ రోజు కూర్చున్నవాడే అయితే, కింద మనిషి ఉన్నాడని తెలిసే కూర్చుని ఉంటే, ఎంత అరిచినా లేవడు. తెలియని మనిషి అయితే అరిస్తే లేస్తాడు. కానీ ఒక ఆడమనిషికి ఇచ్చిన మాట పోతుంది. ఈరన్న ఇదే చోట ఇదే లెక్క వేసుకుని ఉంటాడు. అరిస్తే బతుకుతాడు, బతికి బయటికి వస్తే భూగర్భ యోగి ఉండడు, ఆ జనం ముగ్గురినీ బతకనివ్వరు. అందుకే రాయితో తట్టాడు. భార్య చూసుకుంటుందని నమ్మాడు. గాలి పూర్తిగా పలచబడినప్పుడు, మట్టి తీసే వేళైనా అవుతుందేమోనని గుంతలోకి తిరిగిపోయాడు. అక్కడ ముడుచుకున్నాడు.

దేవేంద్రప్పకు చెవుల్లో రక్తం కొట్టుకోవడం వినిపించసాగింది. టార్చి వెలుతురు రెండుగా కనబడింది. మాట సంగతి తర్వాత చూసుకుందామని అరవబోయాడు. నాలుక అంగిలికి అతుక్కుపోయి మాట రాలేదు. రాయి చేతిలోంచి జారిపోయింది. చీకట్లో వెతికాడు, దొరకలేదు. పిడికిలితో తట్టాడు. ఆ తర్వాత చెయ్యి పైకి లేవలేదు.

అప్పుడు చెక్కకు చాలా దగ్గరగా సోమక్క గొంతు వినిపించింది.

"లేయి సారూ. నీ కింద మనిషి ఉండాడు."

పైనున్న బరువు కదల్లేదు.

"లేయి సారూ. ఆ పొద్దు నేను చెప్పలేకపోతి. ఇప్పుడు చెప్తాండా. లేయి."

బరువు లేచింది. పెట్టె పక్కకు పడ్డ మోత, చాప లాగిన చప్పుడు, తర్వాత కళ్ళు మూసుకుపోయేంత వెలుతురు. రెండు బలమైన చేతులు చంకల కింద పట్టి ఆయన్ను పైకి లాగాయి. సోమక్క చెంబుతో నీళ్ళు ముఖాన కొట్టి, కొంచెం నోట్లో పోసింది. కాసేపటికి చూపు కుదిరాక ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరో దేవేంద్రప్పకు తెలిసింది.

గాబ్రియేలు.

గుడారం ఖాళీ చేసి సామాను సర్దుకోమని సోమక్కకు చెప్పడానికి వచ్చాడు. వచ్చి, అలవాటు చొప్పున నదిగాలి తగిలే చోట కూర్చున్నాడు. ఇప్పుడు ఆ కన్నంలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు. ఇది ఎక్కడికి పోతుందని అడిగాడు. గుంతకు పోతుందని దేవేంద్రప్ప చెప్పాడు. పోలీసు బుర్రకు మిగతాది అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

సోమక్క నేల మీద కూలబడి చెప్పింది. ఆ రోజు మట్టి పోయడం మొదలుపెట్టగానే తాను పెట్టె జరపబోయింది. అప్పుడే సర్కిల్ గారు లోపలికి వచ్చి దాని మీద కూర్చున్నారు. లెమ్మని చెప్పడానికి కారణం దొరకలేదు. మజ్జిగ ఇచ్చింది. బయట గాలి బాగుందంది. ఆయన లేవలేదు. తాను అరచెయ్యి నేలకు ఆనించి కూర్చుంది. కింద ఈరన్న తట్టేది ఆ చేతికి తగిలింది.

"ఆదోనిలో ఒగసారి ఇట్లనే ఎవరో వస్తే ఆయప్ప వెనక్కిపోయి ఓర్చుకున్యాడు. నేను బయటపడేదాకా నువ్వు నోరు తెరవొద్దని ఒట్టేయించుకున్యాడు. తట్టేది నిలిచిపోయినాక, పోయినాడులే, ఓర్చుకుంటాడులే అనుకుంటి. ఈ చెయ్యికి తెలుస్తానే ఉండాది. నేను మజ్జిగ పోస్తాంటి."

పోలీసు సర్కిలే పెట్టె మీద కూర్చుని చంపాడంటే ఎవరు నమ్ముతారని దేవేంద్రప్పతో అబద్ధం చెప్పానంది. ఏడవలేదు. కుడి అరచేతిని చీరకు తుడుచుకుంటూనే ఉంది.

గాబ్రియేలు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పడి ఉన్న ట్రంకుపెట్టె వైపు చూడకుండా నేల మీదనే బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు.

"నన్ను విచారించు దేవేంద్రప్పా. ఈ కేసులో సాక్షిని నేనే," అన్నాడు.

"పొద్దున స్టేజీ వెనక కూర్చోనుంటినంటివి. అది ఈ పెట్టె మీదనేనా?"

"ఈ పెట్టె మీదనే."

"నీ అంతట నువ్వే వచ్చి కూర్చున్యావా?"

"లేదు. సుబ్బయ్య పంపించినాడు. జనం శానా ఉండారు, బందోబస్తు గురించి మాట్లాడల్ల, యోగి గుడారంలో వెనకపక్క పెట్టె ఉండాది, దాని మీద కూర్చుంటే గాలొస్తాది, నేను వచ్చేదాకా లేవొద్దు అన్యాడు. రాలేదు. భజన అయిపోయేదాకా రాలేదు."

"పెట్టె మీదనే కూర్చోమన్యాడా?"

"పెట్టె మీదనే. పేరుపెట్టి చెప్పినాడు."

దేవేంద్రప్ప సోమక్క వైపు తిరిగాడు. సొరంగం సంగతి సుబ్బయ్యకు తెలుసా అని అడిగాడు. ఆమె తల ఎత్తింది.

"మావాళ్ళల్లో ఎవరికి తెలుసని మీరడిగితిరి. ఆయప్ప మావోడు కాదు కదా. ముందురోజు మా ఆయన ఆయప్ప ఇంటికి పోయి సొరంగం, పెట్టె అంతా చెప్పుకొచ్చినాడు."

ఆ కారణం కూడా చెప్పింది. ఆలూరు దగ్గరి పల్లె నుంచి గిడ్డమ్మ అనే ఆమె జ్వరం తగిలిన బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోకుండా యోగి కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది. ఈరన్న ఆసుపత్రికి పొమ్మని బతిమాలాడు. ఆమె కదల్లేదు. బిడ్డ మైదానంలోనే పోయింది. అప్పటి నుంచి ఈరన్న సరిగా అన్నం తినలేదు. ఉత్సవాల ఆఖరి రోజు అదే స్టేజీ ఎక్కి, ఇది ఉత్త ఆట అని జనానికి చెప్పేస్తానన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు, కొట్లాట దాని గురించే. సుబ్బయ్య మాత్రం నెమ్మదిగా విని, నీ ఇష్టం స్వామీ అని భుజం తట్టి పంపించాడట. ప్రతి ఆటలోనూ ఆ స్టేజీ మీద జనం చూస్తుండగా యోగి కాళ్ళకు మొక్కినవాడు సుబ్బయ్య. మఠం కట్టిస్తాననీ, దానికి తానే పెద్దననీ ఊరంతా చెప్పుకున్నవాడు. యోగి దొంగ అని తేలితే ఆ పేరు ముందుగా పోయేది సుబ్బయ్యదే.

గాబ్రియేలు లేచి టోపీ పెట్టుకున్నాడు. పోయి పట్టుకుంటానన్నాడు.

"ఏమని?" అన్నాడు దేవేంద్రప్ప. "కూర్చోమని చెప్పేది నేరం కాదు. సొరంగం సంగతి నాకు తెలీదంటాడు. చెప్పిన ఈరన్న లేడు. ఈ పొద్దు గుంత పూడిపోయింది, రేపు దాని మీద సమాధి లేస్తాది, ఆపైన ఈడ ఎవర్నీ గడ్డపార పట్టనియ్యరు."

బయట మైకు గరగరమంది. జనం వచ్చేశారు. సుబ్బయ్య గొంతు స్వామి మహిమ గురించి చెబుతోంది. ఆడవాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని ముందుకు రావాలని పిలుస్తోంది.

ఇద్దరు మగవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. ఆమెను అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు. ఆ జనం ముందు నిలబడి నా మొగుడు మిమ్మల్ని మోసం చేశాడని చెప్పాలి. చెప్పిన తర్వాత వాళ్ళు ఏం చేస్తారో ఎవరూ చెప్పలేరు.

సోమక్క లేచి కొంగు నడుముకు చుట్టుకుంది.

"మా ఆయన చెప్పల్లనుకున్యాడు. చెప్పనీలేదు. నేను చెప్తా. నువ్వు ముందర నడు సారూ, దోవ ఇయ్యరు."

గాబ్రియేలు ముందు నడిచాడు. దేవేంద్రప్ప ఆమె వెనక నడిచాడు. ఆమెను చూసి జనం రెండు పక్కలకీ ఒత్తుకున్నారు. కొందరు వంగి ఆమె నడిచిన నేలను తాకి కళ్ళకద్దుకున్నారు. సుబ్బయ్య స్టేజీ మీది నుంచి చూశాడు. అమ్మగారు వస్తున్నారని మైకులో చెప్పి, చేతులు జోడించి, పక్కకు తప్పుకుని చోటిచ్చాడు.

సోమక్క ఎప్పుడూ మైకు ముందు నిలబడలేదు. ఎంత దూరంలో నిలబడాలో తెలియక దానికి నోరు ఆనించినంత పని చేసింది.

"నా మొగుడు యోగి కాదు. బావులు తవ్వే మనిషి," అంది.

మైదానమంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. ఎక్కడో ఒక కొబ్బరికాయ కింద పడి దొర్లింది. సుబ్బయ్య ముఖంలో నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం మెల్లగా మైకు తీగ దగ్గరికి పోయింది.

ఆ చెయ్యి మీద గాబ్రియేలు చెయ్యి పడింది.

"ఆమెను చెప్పనీ," అన్నాడు. "నువ్వొచ్చి ఆ కుర్చీలో కూర్చో. నేను చెప్పేదాకా లేవొద్దు."

జనంలోంచి మొదటి రాయి వచ్చి స్టేజీ పలకల మీద పడింది. సోమక్క ఆగకుండా చెబుతూనే ఉంది.